పండుగ కానుకయు కాయక ధర్మమును

ఆశ్వయుజ బహుళ అమావాస్య సమీపించిన కొలది విశాఖపట్టణపు వర్తక వీథులలో ఒక ప్రత్యేకమైన సందడి కనబడును. కురుపాం మార్కెట్టు, పూర్ణామార్కెట్టు మొదలుకొని గాజువాక ఆటోనగరము వరకు మిఠాయి పెట్టెలు, ఎండుపండ్ల పళ్ళెములు, వెండి నాణెముల డబ్బీలు, గోడ గడియారములు వాహనములకెక్కి ఇల్లిల్లు తిరుగుచుండును. రేవులో ఓడల సరుకు దింపించు సంస్థలవారు, సుంకపు కాగితములు చక్కబెట్టు ఏజెంట్లు, కర్మాగారములకు విడిభాగములు సమకూర్చు చిన్న పరిశ్రమలవారు, ఇనుము అమ్ము డీలర్లు, అందరికిని ఒక జాబితా ఉండును. దీపావళితో మొదలైన ఈ పంపకము క్రిస్మసు, ఆంగ్ల సంవత్సరాది దాటి సంక్రాంతి వరకు సాగును. ఆ జాబితాలో ఎవరి పేరు మొదట వ్రాయబడినది, ఎవరి పేరు కొట్టివేయబడినది అని చూచినచో ఆ వర్తకుని నడవడి చాలవరకు తెలియును.

కొనుగోలుదారునకు కృతజ్ఞత చూపుట తప్పు కాదు. కాయకము ఒంటరిగా సాగునది కాదు. చెప్పులు కుట్టువానికి వాటిని తొడుగుకొను పాదము కావలెను. త్రాడు పేనువానికి ఆ త్రాటితో నీరు చేదుకొను చేయి కావలెను. తన శ్రమకు విలువ కట్టి, వెల చెల్లించి, మరల తన అంగడికే వచ్చిన మనిషిని ఏడాదికొకసారియైనను తలచుకొనుట మర్యాద. శరణులు వృత్తులను గౌరవించిరి గాని వృత్తులచేత బ్రతుకువారి మధ్యనుండు అభిమానమును తృణీకరింపలేదు. ఆలోచింపవలసిన విషయము వేరు. పంపునది ఎవరికి, ఎంత, ఎవరి ధనముతో, ఏమి ఆశించి?

తెలుగువారి అంగళ్ళలో ఇందుకు చాల పాతదైన ఒక పద్ధతి కలదు. దానిపేరు కొసరు. తూకము సరిపోయిన తరువాత వర్తకుడు మరియొక గుప్పెడు పప్పో, రెండు మిరపకాయలో సంచిలో వేయును. దీనికి పండుగ అక్కరలేదు, జాబితా అక్కరలేదు. కూలి మనిషికిని కొసరే, కామందుకును కొసరే. అందరి కన్నుల యెదుట, తక్కెడ ప్రక్కననే ఇచ్చునది. మరియొక సూక్ష్మము కూడ ఇందులో ఉన్నది: ముందు తూకము నిండవలెను, ఆ పిమ్మటనే కొసరు. తక్కెడలో తగ్గించి చేతితో కొసరు వేయు వర్తకుని మన పల్లెలలో పసిపిల్లలు కూడ కనిపెట్టగలరు.

దీనికి ఎదురుగా నిలుచు మాట మామూలు. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటకు మొదట వాడుక, అలవాటు అనియే అర్థము. పండుగనాడు చాకలికి, కావలివానికి, ఉత్తరములు తెచ్చువానికి ఇచ్చు చిల్లర డబ్బు మామూలు. నేడు ఆ మాట చెవిని పడగానే కార్యాలయములలో బల్లక్రింద చేతులు మారు సొమ్ము గుర్తుకు వచ్చుచున్నది. ఒకే మాట ఈ రెండర్థములను మోయుటలో చిత్రమేమియు లేదు. అలవాటు అను ముసుగు వేసికొనియే లంచము పెద్దమనిషి అయినది. ‘ఏటేట ఇచ్చునదే కదా’ అను ఒక్క వాక్యముతో ఎన్ని పనులు జరుగుచున్నవో వర్తకులకు తెలియనిది కాదు.

కల్యాణ పట్టణపు శరణుల కథలలో ఆయదక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము మన కుటుంబములలో తరచుగా చెప్పుకొనునదే. నేటి రాయచూరు సీమకు చెందిన అమరేశ్వరమునుండి వచ్చిన మారయ్య, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా చేసికొనెను. ఆ గింజలతోనే లక్కమ్మ వండి, జంగమార్చన జరిపి, మిగిలినది ఇద్దరు భుజించువారు. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది మన అవసరమునకు మించినది, తీసికొనిపోయి తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ కథను చెప్పువారు సాధారణముగా లక్కమ్మ నిరాశను మెచ్చుకొని ఊరకుందురు. ఒక కథనము ప్రకారము ఆ దినమున బియ్యము ఎక్కువగా రాలుటకు కారణము బసవేశ్వరుడే. ఆ దంపతుల పేదరికమును చూచి, వారిని పరీక్షింపగోరి, కావలెననియే ఎక్కువ చల్లించెనట. ఆ విధముగా చూచినచో లక్కమ్మ త్రిప్పి పంపినది దొంగ సొమ్మును కాదు. ప్రేమతో, మంచి మనస్సుతో ఒక మహాపురుషుడు ఇచ్చిన కానుకను. తన కాయకమునకు అందవలసినదానికంటె మించి వచ్చినది మంచివాని చేతినుండి వచ్చినను తన ఇంటికి బరువే అని ఆమె తలచినది. ఇచ్చువాడు మంచివాడు, పుచ్చుకొనువాడు మంచివాడు. అయినను కొలత తప్పినది. దీపావళి పెట్టెలు కట్టువారు ఈ భాగమును రెండవసారి చదువదగును.

విశాఖలో ఈ ప్రశ్నకు మరింత బరువు ఉన్నది. ఇచట వర్తకులలో పెక్కుమందికి పెద్ద కొనుగోలుదారు ఏ సేఠో, ఏ జమీందారో కాడు. 1933లో నౌకలకు తెరువబడిన రేవు 1964లో పోర్టు ట్రస్టుగా ఏర్పడి, 2021 నాటి చట్టము ననుసరించి పోర్టు అథారిటీగా మారినది. ఆంధ్రుల హక్కుగా 1966లో ఉద్యమించి సాధించుకొనిన ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న శంకుస్థాపన జరుగగా, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అను ప్రభుత్వ రంగ సంస్థ ఏర్పడి, 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికంకితమైనది. ఈ కొనుగోలుదారులు సంస్థలు. సంస్థకు నోరు లేదు, మిఠాయి తినదు. కనుక కానుక ఆ సంస్థ తరఫున సంతకము చేయు మనిషి ఇంటికి పోవును. కృతజ్ఞత చెందవలసినది ఒకరికి, అందునది మరియొకరికి. ఈ వంకరనుండియే సమస్త దోషము పుట్టుచున్నది.

ఒక ఉదాహరణము ఊహింపవచ్చును. కర్మాగారములకు కొక్కెములు, గొలుసులు సమకూర్చు ఒక చిన్న పరిశ్రమ కలదనుకొందురుగాక. సరుకు నాణ్యత పరీక్షించి ఆమోదించు యువ ఇంజినీరు ఇంటికి పండుగనాడు ఒక పెట్టె వచ్చినది. తలుపు తీసినది అతని తల్లి. పైన కాజాలు, అడుగున పట్టుగుడ్డలో చుట్టిన బంగారు కాసు. కుమారుడు రాత్రి పాళీ ముగించుకొని వచ్చులోపల కాజాలు ఇరుగుపొరుగువారికి పంచబడినవి. పెట్టెను త్రిప్పి పంపుటకు ఇక వీలు లేదు. ఎవరితోనైనను చెప్పుకొనుటకు ధైర్యము లేదు. మాఘ మాసములో అదే పరిశ్రమనుండి వచ్చిన సరుకులో ఒక గొలుసు కొలత తగ్గినది. అతడు దానిని తోసిపుచ్చగలడా? తోసిపుచ్చినను, పుచ్చకపోయినను, కాసు గుర్తుకు రాక మానదు. ఉక్కు కర్మాగారములో గొలుసులు, కొక్కెములు మోయునది బియ్యపు బస్తాలను కాదు. సుమారు 1600 డిగ్రీల సెల్సియసు వేడితో కరగియున్న లోహము వందల మందికి పని కల్పించు చోట మనుష్యుల తలలమీదుగా కదలుచుండును. కొలత తగ్గిన గొలుసు ఎవరి ఇంటి దీపమును ఆర్పివేయునో కాసు పంపిన వర్తకుడు ఎఱుగడు, ఎఱుగగోరడు కూడ.

ఇది నీతి విషయము మాత్రమే కాదు, చట్ట విషయము కూడ. సుంకశాఖ ఉద్యోగుల వంటి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తించును. కార్యాలయ వ్యవహారములు గల వ్యక్తులనుండి, సంస్థలనుండి ఆడంబరమైన ఆతిథ్యమునుగాని, తరచు ఆతిథ్యమునుగాని వారు స్వీకరింపరాదని అందులో ఉన్నది. అప్పుడప్పుడు ఒక పూట భోజనము, దారిలో వాహనము ఎక్కించుకొనుట వంటి సాంఘిక మర్యాదలను ఆ నియమము కానుకగా లెక్కింపలేదు. రేవునకు, ఉక్కు సంస్థకు వారి వారి నియమములు ఉన్నవి. పూర్వము లంచము పుచ్చుకొనిన ఉద్యోగిమీదనే అందరి దృష్టియు ఉండెడిది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించినప్పుడు ఇచ్చుట కూడ నేరుగా శిక్షార్హమైన నేరమైనది. ఏడేండ్ల వరకు ఖైదు పడవచ్చును. బలవంతముచేత ఇచ్చినవాడు ఏడు దినములలోపల అధికారులకు తెలియజేసినచో అతనికి రక్షణ ఉన్నది. ‘అడిగినారు గనుక ఇచ్చితిమి’ అను మాట వారము దాటిన తరువాత పనికిరాదన్నమాట.

ఎదురు దిక్కున ప్రవహించు కానుకలు కూడ కలవు. సంస్థలే తమ వారికిని, పై వారికిని పండుగలకు కానుకలు పంచుట చిరకాలముగా సాగినది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖకు చెందిన వ్యయ విభాగము దీపావళి మొదలగు పండుగల కానుకలకు ప్రభుత్వ ధనమును వెచ్చింపరాదని ఉత్తరువు చేసినది. ప్రభుత్వ రంగ సంస్థలకు కూడ అదే మాసములో ఇట్టి సూచన వెలువడినది. అదే సంవత్సరము జనవరిలో విశాఖ ఉక్కును నిలబెట్టుటకు కేంద్రము 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించియున్నది. ప్రజల బొక్కసమునుండి అంత ధనము పొందిన చోట పండుగ పెట్టెల ఖర్చు చిన్నదే కావచ్చును, కాని ఆ చిన్నదియు ప్రజలదే.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి అను సంగతి ఇచట స్మరింపదగినది. జంగములకు ఆయన ధారపోయుచున్నది రాజధనమని కొందరు బిజ్జలునకు చాడీలు చెప్పిరనియు, రాజు లెక్క చూడగా బొక్కసము పూర్తిగా సరిపోయెననియు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. భక్తులు దానిని మహిమగా చదువుదురు. భండారపు ఉద్యోగి చేయవలసిన పనిగా చదివినను నష్టము లేదు. ఇచ్చినవాడు తన సొమ్ము ఇచ్చెను. లెక్క అడిగిననాడు తాళము తీసి చూపెను.

కొందరు వర్తకులు పండుగ కానుకలను దాసోహమని చెప్పుకొనుచుందురు. ఇది పొరపాటు. దాసోహమున ‘నేను ఇచ్చితిని’ అను తలపునకే చోటు లేదు. ఇక మరుసటి ఏటి ఆర్డరు తలపునకు ఎట్లు ఉండగలదు? ఖాతాదారునకు పంపు పెట్టె వ్యాపారపు ఖర్చు. దానిని ఖర్చు పద్దులో ఖర్చుగనే వ్రాసినచో అది నిజాయితీ గల పనియే అగును. దాసోహము ఖర్చులన్నియు పోయి తన పాలికి వచ్చినదానినుండి జరుగవలెను. రెండు పద్దులను కలిపి, అంగడి పేరు పెద్ద అక్షరములతో వ్రాసిన గుడ్డ క్రింద అన్నము పెట్టి, దానిని అటు పుణ్యములోను ఇటు ప్రచారములోను లెక్కించుట నేడు సామాన్యమైపోయినది. అన్నము తిన్నవారి ఆకలి తీరును, సందేహము లేదు. పద్దు మాత్రము తప్పు.

ప్రభుత్వము కూడ ఈ పద్దును గమనించుచున్నది. వ్యాపార సంబంధముతో ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలకు మించి కానుకలుగాని, విహారయాత్రలుగాని, ఇతర లాభములుగాని సమకూర్చినచో వాని విలువపై నూటికి 10 వంతున ఆదాయపు పన్ను ముందుగా చెల్లించవలెనను నియమము 2022 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. కానుకగా ఇచ్చిన సరుకుపై చెల్లించిన జి.ఎస్.టి.ని తిరిగి జమకట్టుకొను వీలు 2017 నాటి ఆ చట్టములోనే లేదు. గుమాస్తా చాటుగా ‘ఇతర ఖర్చులు’ అని వ్రాయవలసి వచ్చిన కానుక ఏదైనను ఉన్నచో, దానిని పంపకముందే ఒకసారి ఆగుట మంచిది.

కానుకల దేశముగా పేరొందిన జపానును చూచినచో ఈ విషయము ఇంకను విశదమగును. విశాఖకు జపాను దూరపు చుట్టము కాదు. బస్తరులోని బైలాడిల్లా కొండల ఇనుపరాయి 1960ల దశకమునుండి ఈ రేవుగుండా జపాను ఉక్కు మిల్లులకు పోయినది. ఆ ఎగుమతికై కొత్తవలస నుండి కిరండూలు వరకు కొండలను తొలిచి రైలుమార్గము వేసిరి. పెద్ద ఓడల కొరకు 1976లో వెలుపలి హార్బరు తెరువబడినది. ఆ దేశములో సంవత్సరాంతమున ఖాతాదారులకు, పెద్దలకు పంపు కానుకను ఒసైబో అందురు. వేసవి నడుమ పంపునది ఒచ్యూగెన్. తినుబండారములు, తేయాకు, సబ్బులు వంటి వాడుక వస్తువులే ఎక్కువ. వాడినచో అయిపోవును, బరువు మిగులదు. అంతటి ఆచారము గల ఆ దేశములోనే ప్రభుత్వోద్యోగులు తమతో వ్యవహారము గలవారినుండి కానుకలు పుచ్చుకొనరాదని 1999లో చట్టము చేసిరి. అది మరుసటి ఏట అమలులోనికి వచ్చినది. ఆచారమును నిలుపుకొనిరి, కార్యాలయపు గడప దగ్గర ఆపిరి. రేవులలో మరియొక మర్యాద కలదు: మొదటిసారి తమ రేవునకు వచ్చిన ఓడ కెప్టెనునకు ఒక జ్ఞాపికను అందరి సమక్షమున ఇచ్చుట. గోడకు తగిలించుకొనుటకే గాని అమ్ముకొనుటకు పనికిరాని వస్తువది. ఆ ఓడ కెప్టెనును నిజముగా సంతోషపెట్టునది మాత్రము ఆలస్యము లేకుండ బెర్తు దొరకుట, చెప్పిన గడువునకు సరుకు నిండుట.

ఇంకొక కానుక ఉన్నది. దానిని గూర్చి తగినంత ఆలోచన జరుగుటలేదు. ఇల్లు కట్టువాడు ఏ ఇనుము, ఏ సిమెంటు, ఏ రంగు కొనవలెనో పెక్కుసార్లు మేస్త్రియే చెప్పును. అందుచేత కంపెనీలు, డీలర్లు మేస్త్రులకు విందులు చేసి, వెండి నాణెములు, మిక్సీలు, విహారయాత్రలు ఇచ్చుచుందురు. రంగు డబ్బాలలో రంగు వేయువారి కొరకు టోకెన్లు పెట్టు పద్ధతి కూడ ఉన్నది. మేస్త్రి కష్టజీవి, అతని నైపుణ్యమును గౌరవించుట ఉచితమే. కాని డబ్బా వెల చెల్లించినది ఇంటి యజమాని. జీవితములో ఒక్కసారి ఇల్లు కట్టుకొను బడిపంతులు, రేవులో ముప్పది ఏండ్లు మూటలు మోసిన కళాసీ, వీరు తమకు తెలియకుండనే ఆ కానుక వెల మోయుచున్నారు. మేస్త్రికి అందునది యజమాని యెదుట చెప్పదగినదైనచో చిక్కు లేదు. పనిముట్లు, శిరస్త్రాణము, ప్రమాద బీమా, పిల్లల చదువునకు సహాయము, ఇవి ఎవరి యెదుటనైనను చెప్పవచ్చును. తక్కువ నాణ్యత గల ఊచను మంచిదని చెప్పించు వెండి నాణెమును గూర్చి ఎవరును పైకి చెప్పరు.

జాబితాలో పేరు లేనివారి సంగతి మిగిలియున్నది. ఏడాది పొడవున చిన్న బేరములు చేసి, అప్పు ఉంచక, రొక్కము చెల్లించిన కొనుగోలుదారులకు పెట్టెలు పోవు. సరుకు ఎత్తిన కళాసీలు, రాత్రివేళ లారీ తెచ్చిన డ్రైవరు, కాటా దగ్గర నిలిచిన కుర్రవాడు కూడ జాబితాలో ఉండరు. చిన్న సరఫరాదారుని స్థితి మరియు విచిత్రము. అతనికి దీపావళి పెట్టె వచ్చును గాని శ్రావణములో పంపిన బిల్లు సొమ్ము రాదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు 45 దినములు దాటరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. నూరు రూపాయల మిఠాయి పంపి లక్ష రూపాయల బకాయి ఆపియుంచిన పెద్దమనిషికి ఆ చిన్నవాడు నవ్వుముఖముతో నమస్కరించుట చూచినవారికి కడుపు తరుక్కుపోవును. అతని ఇంట కూలివారికి పండుగ బట్టలు ఆ బకాయినుండియే రావలెను.

పంపదలచినవారికి విశాఖ పరిసరములలో మంచి వస్తువులకు కొదువ లేదు. గోధుమపాలతో చేయు మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లము, అరకు కాఫీ గింజలు, అంకుడు కర్రతో తరిమెనమీద చెక్కి లక్క రంగులద్దిన ఏటికొప్పాక బొమ్మలు ఉన్నవి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. యంత్రముతో అచ్చువేసిన గడియారముకంటె ఇవి చౌక. ఒక కాయకము చేయువాడు మరియొక కాయకము చేయువానిని పోషించినట్లగును. సంస్థలకు పంపునప్పుడు అధికారి ఇంటికి గాక కార్యాలయమునకు, సంస్థ పేరుననే, అందరును పంచుకొని తినునట్లు పంపుటయు, వారి నియమము ఒప్పనిచో ఉత్తరముతో సరిపెట్టుటయు ఉచితము. టెండరు నడుచుచున్న మాసములలో ఉత్తరము కూడ వద్దు.

ఉత్తరము అనగా అచ్చువేసిన శుభాకాంక్షల కార్డు కాదు. ఫలానా మాసములో మా వలన సరుకు ఆలస్యమైనను ఓర్చుకొంటిరి, ఫలానా లోపమును మీరు చూపుటచేత సరిదిద్దుకొంటిమి అని పేరు పెట్టి వ్రాసిన నాలుగు పంక్తులు. దానితోపాటు ఆ ఖాతాదారుని ఏడాది లెక్క. పొరపాటున ఎక్కువ పుచ్చుకొనిన పైకము ఏదైనను లెక్కలో తేలినచో, ఆ మొత్తమునకు చెక్కు కూడ అదే కవరులో ఉండవలెను.